బోర్గ్ ఫ్రేమ్ సిద్ధంగా ఉన్నా బ్రెయిన్ ఎక్కట్లేదు: ఎంఎంఐ, పాజిట్రానిక్, బోరిస్ మీద చర్చ

కొత్తరెంచ్

స్పేస్ స్టేషన్ 13 అనే మల్టీప్లేయర్ ఆటలో రోబోటిక్స్ గురించి, అంటే బోర్గ్ (సైబోర్గ్) తయారీ గురించి అడుగుతున్నాను. సర్వర్ టీజీ స్టేషన్ కోడ్‌బేస్ (ఆట కోడ్‌లో ఒక రకం) మీద నడుస్తుంది. ఎండోస్కెలిటన్‌కి, అంటే బోర్గ్ అస్థిపంజరపు ఫ్రేమ్‌కి, రెండు చేతులు, రెండు కాళ్లు, మొండెం, తల అన్నీ బిగిశాయి. చివర్లో పాజిట్రానిక్ బ్రెయిన్ (కృత్రిమ మెదడు) పట్టుకుని ఫ్రేమ్ మీద క్లిక్ చేస్తే ఏదో ఎర్ర మెసేజ్ వస్తుంది, బ్రెయిన్ చేతిలోనే ఉండిపోతుంది. ఎంఎంఐతో (మనిషి మెదడుని పెట్టే యంత్రపు పెట్టె) ప్రయత్నించినా అంతే. తప్పు ఫ్రేమ్‌లో ఉందా, బ్రెయిన్‌లో ఉందా? ఎలా తేల్చుకోవాలి?

రాగితీగ

ఆ ఎర్ర మెసేజ్‌లోనే జవాబు ఉంటుందండి. చాలామంది దాన్ని చదవకుండా మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తారు. ముందు ఫ్రేమ్ సంగతి చూద్దాం, అది తేలిక.

ఎక్సోసూట్ ఫ్యాబ్రికేటర్‌లో ముద్రించాల్సినవి ఏడు: ఎండోస్కెలిటన్, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు, మొండెం, తల. చాలాకాలం నడిచిన పాత లెక్కలో ఒక లోహపు షీట్ అంటే 2000 యూనిట్లు. ఎండోస్కెలిటన్‌కి 15000, మొండెంకి 40000, తలకి 5000, చేతులూ కాళ్లూ ఒక్కోదానికి 10000. అన్నీ కలిపితే సరిగ్గా లక్ష. అంటే 50 షీట్లు, నిండుగా ఒక కట్ట. ఫ్యాబ్రికేటర్‌లో ఒక కట్ట పడేస్తే ఒక బోర్గ్ ఒళ్లు వచ్చేస్తుందని గుర్తుపెట్టుకోండి. కొత్త కోడ్‌లో షీటుకి 100 యూనిట్లుగా లెక్క మార్చారు, ధరలు కూడా సర్వర్ సర్వర్‌కీ వేరు. అందుకే మీ ఫ్యాబ్రికేటర్ తెర మీద ఉన్న అంకెనే నమ్మండి.

మొండెంలోకి కేబుల్, పవర్ సెల్ రెండూ వెళ్లాలి. తలలోకి రెండు ఫ్లాష్‌లు (కళ్లు మిరుమిట్లు గొలిపే పరికరాలు). ఇవన్నీ ఫ్రేమ్‌కి బిగించకముందే, విడిగా చేతిలో ఉన్నప్పుడే పెట్టాలి. వైరింగ్ లేని మొండెం, ఫ్లాష్ లేని తల ఫ్రేమ్ తీసుకోదు. కాలిపోయిన ఫ్లాష్‌ని తల తీసుకోదు. సెక్యూరిటీ వాళ్లు వాడి పారేసినవి ఏరుకొచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

మీ ఫ్రేమ్‌కి అన్నీ బిగిశాయంటున్నారు కాబట్టి ఇది దాటేశారు. ఇక మిగిలింది బ్రెయినే.

ఫ్రేమ్‌సేవకుడు

రాగితీగ గారు చెప్పినదానికి రెండు విషయాలు కలుపుతాను.

ఒకటి, సెల్. అంతా బిగించాక ఎవరో స్క్రూడ్రైవర్‌తో సెల్ తీసేసి ఉండొచ్చు. బయటికి చూస్తే ఫ్రేమ్ నిండుగానే కనిపిస్తుంది, కానీ బ్రెయిన్ పెట్టబోతే సెల్ లేదంటుంది. నలుగురు పనిచేసే రోబోటిక్స్ గదిలో ఇది మామూలే.

రెండు, ఫ్రేమ్ నేల మీద నిలబడి ఉండాలి. చేతిలో పట్టుకునో, సంచిలో పెట్టుకునో బ్రెయిన్ పెట్టబోతే ఒప్పుకోదు. కింద పెట్టి అప్పుడు చేయండి.

దీపస్తంభం

అసలు విషయం ఎవరూ అనట్లేదు. ఈ ఆటలో బ్రెయిన్ అంటే ఒక వస్తువు కాదు. అది లోపలున్న ప్లేయర్. ఇది అర్థమైతే ఎర్ర మెసేజ్‌లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కోడ్‌లో మూడు పొరలున్నాయి. పైన కనిపించేది బ్రెయిన్ అనే వస్తువు. దాని లోపల కంటికి కనబడని ఒక జీవి ఉంటుంది, దాన్ని బ్రెయిన్‌మాబ్ అంటారు. ఆ జీవికి మైండ్ అంటుకుని ఉంటుంది, మైండ్‌కి ఒక ప్లేయర్ కీ (ప్లేయర్ ఖాతా పేరు). ప్లేయర్ ఆ క్షణాన నిజంగా కనెక్ట్ అయి ఉంటేనే దానికి క్లయింట్ ఉన్నట్టు లెక్క. ఫ్రేమ్‌లో బ్రెయిన్ పెట్టగానే ఆట ఈ మూడింటినీ వరసగా పరీక్షిస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా అక్కడే ఆపేస్తుంది. ఆపకపోతే పని లేని బోర్గ్‌లు స్టేషన్ అంతా నిలబడిపోతాయి కదా.

పరీక్షలు ఈ వరసలో జరుగుతాయి, వాటి అర్థం ఇది:

మైండే లేదంటే బ్రెయిన్‌మాబ్ లేదన్నమాట. ఖాళీ ఎంఎంఐ అయినా అయ్యుండాలి, ఎవరిదీ కాని బ్రెయిన్ అయినా అయ్యుండాలి. ఆ బ్రెయిన్‌తో ఇక పని లేదు.

మైండ్ అస్సలు స్పందించట్లేదంటే కీ లేదు. ప్లేయర్ ఘోస్ట్‌గా (శరీరం లేకుండా ఆట చూసే ప్లేయర్) బయటికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చే వీలు కొన్నిసార్లు ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు.

మైండ్ ఇప్పటికి నిద్రాణంగా ఉందంటే కీ ఉంది, క్లయింట్ లేదు. ప్లేయర్ కనెక్షన్ తెగింది. ఇది ఒక్కటే వేచి ఉంటే సర్దుకునే కేసు. ఎంఎంఐని బల్ల మీద పెట్టి వేరే పని చూసుకుని, కాసేపయ్యాక మళ్లీ ప్రయత్నించండి.

ఇక బతకాలన్న ఇష్టం లేదంటే ఆ ప్లేయర్ ఈ రౌండ్‌కి తనంతట తానే ముగింపు పలికాడు. ఆ బ్రెయిన్ ఇక రాదు.

బ్రెయిన్ చనిపోయిందని గానీ, దెబ్బతిందని గానీ వస్తే అది వైద్యం సంగతి.

ఇవన్నీ దాటాక చివరి పరీక్ష బ్యాన్. ఆ ప్లేయర్‌కి సైబోర్గ్ పాత్ర మీద బ్యాన్ ఉంటే ఎంత చక్కని ఫ్రేమ్ అయినా అతన్ని తీసుకోదు. దీన్ని రోబోటిసిస్టు సరిచేయలేడు.

ఫ్రేమ్‌ని అనవసరంగా విప్పకండి. ముందు ఎంఎంఐని ఎగ్జామిన్ చేయండి. బ్రెయిన్ చురుగ్గా ఉందా, నిద్రాణంగా ఉందా, స్పందన లేదా అన్నది అక్కడే రాసి ఉంటుంది. 50 షీట్లు ఖర్చు చేసే ముందు రెండు సెకన్లు దీనికి పెట్టడం మంచిది.

కొత్తరెంచ్

ఎగ్జామిన్ చేశాను. పాజిట్రానిక్ దానిలో ఎవరూ లేరు. ఎంఎంఐలో ఉన్న బ్రెయిన్ దెబ్బతిందని ఉంది. రెండింటికీ దారి ఉందా?

మానిటాల్‌బీకర్

దెబ్బతిన్న బ్రెయిన్ గురించి నేను చెప్తాను.

శరీరంలోంచి తీసిన బ్రెయిన్ బయట ఉంటే క్రమంగా పాడవుతుంది. టీజీ కోడ్‌లో వేగం ఎంతంటే, ఏ రక్షణా లేకుండా వదిలేస్తే దాదాపు 30 నిమిషాల్లో పూర్తిగా చెడిపోతుంది. ఎంఎంఐలోకి వెళ్లగానే ఆ కుళ్లు ఆగుతుంది, అవయవాన్ని గడ్డకట్టినట్టు గుర్తు పెడుతుంది. ఎంఎంఐ నుంచి బయటికి తీస్తే గుర్తు పోతుంది, కుళ్లు మళ్లీ మొదలవుతుంది. అందుకే సర్జరీ బల్ల పక్కనే ఎంఎంఐ సిద్ధంగా పెట్టుకుని ఉండాలి. బ్రెయిన్‌ని ట్రేలో పెట్టుకుని ఎంఎంఐ ముద్రించడానికి పరిగెత్తడం తప్పుడు వరస.

ఎంఎంఐ లోపలే ఉంటే వైద్యం జరగదు. దాన్ని చేతిలో వాడితే తెరుచుకుని బ్రెయిన్ కింద పడుతుంది. ఒక బీకర్‌లో మానిటాల్ అనే మందు తీసుకుని ఆ బ్రెయిన్ మీద పోయండి. కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి, కదిలితే పని ఆగిపోతుంది. ఒక యూనిట్ మానిటాల్ 2 పాయింట్ల దెబ్బని నయం చేస్తుంది. బ్రెయిన్ గరిష్ఠం 200 పాయింట్లు, కాబట్టి పూర్తిగా పాడైనదాన్ని మామూలు స్థితికి తేవాలంటే 100 యూనిట్లు కావాలి. 50 యూనిట్ల బీకర్‌తో ఒకసారి పోసి అయిపోయిందనుకుంటే సగమే నయమవుతుంది. ఎంఎంఐ మళ్లీ ఒప్పుకోవచ్చు, కానీ దెబ్బ మిగిలే ఉంటుంది.

బీకర్‌లో మానిటాల్ ఒక్కటే ఉండాలి. ఇంకేదైనా మందు కలిసి ఉంటే నయం చేసే లెక్కలో అది కూడా దాని నిష్పత్తి ప్రకారం ఖర్చయిపోతుంది. చాలామంది మందులన్నీ కలిపిన ఒక బీకర్ తెచ్చి పోసి, రెండో బ్రెయిన్‌కి ఏమీ మిగల్లేదని కెమిస్ట్రీ తలుపు తట్టుతారు.

నయమయ్యాక వెంటనే తిరిగి ఎంఎంఐలో పెట్టండి.

ఘోస్ట్‌క్యూ

పాజిట్రానిక్ వైపు నేను చెప్తాను.

ముద్రించినప్పుడు అది ఖాళీగానే ఉంటుంది. చేతిలో వాడితే ఘోస్ట్‌లకి పిలుపు వెళ్తుంది. ఎవరైనా ఒప్పుకుంటే లోపలికి వస్తారు. ఘోస్ట్‌లు తమంతట తామే ఖాళీ బ్రెయిన్ మీద క్లిక్ చేసి కూడా దిగొచ్చు. ఎవరూ రాకపోతే మళ్లీ పిలవడానికి పాత కోడ్‌లో 60 సెకన్లు ఆగాలి. ఆ నిమిషంలో ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. మీ పాజిట్రానిక్ దానిలో ఎవరూ లేరంటే అది పాడవలేదు. పిలుపుకి ఎవరూ స్పందించలేదు, అంతే. జనం తక్కువగా ఉన్న రౌండ్‌లో, మొదటి పావుగంటలో ఘోస్ట్‌లే ఉండరు. ఆ సమయంలో పాజిట్రానిక్ మీద లోహం, బంగారం పెట్టడం దండగ.

బంగారం అన్నాను కదా. పాత రెసిపీలో పాజిట్రానిక్‌కి లోహం 1700, గాజు 1350, బంగారం 500 యూనిట్లు. ఎంఎంఐకి లోహం 1000, గాజు 500 చాలు. బంగారం పావు షీటే, కానీ అది మైనింగ్ నుంచి రావాలి. రౌండ్ మొదట్లో ఎంఎంఐకి అడ్డు ఉండదు, పాజిట్రానిక్‌కి రీసెర్చ్ కావాలి, ఖనిజం కావాలి, పైగా ఘోస్ట్ కావాలి. నా లెక్కలో మొదటి బోర్గ్ ఎప్పుడూ ఎంఎంఐతోనే చేయాలి. పాజిట్రానిక్ చేతికొచ్చేది రౌండ్ సగం దాటాకే.

ఇంకొకటి. పాజిట్రానిక్‌లో దిగిన ప్లేయర్ వెళ్లిపోయి కీ ఖాళీ అయితే, బ్రెయిన్‌ని బోర్గ్ నుంచి బయటికి తీస్తే మళ్లీ ఘోస్ట్‌లని పిలవొచ్చు. బోర్గ్ లోపల ఉన్నంతవరకూ అది నిండినట్టే లెక్క, పిలుపు వెళ్లదు. కనెక్షన్ మాత్రమే తెగిన ప్లేయర్ అయితే కీ అక్కడే ఉంటుంది కాబట్టి బయటికి తీసినా పిలుపు వెళ్లదు.

రాగితీగ

ఘోస్ట్‌క్యూ అన్నదానితో పూర్తిగా ఏకీభవించను. మొదటి బోర్గ్ ఎంఎంఐతో అనడం సరే. కానీ మార్చురీలో బ్రెయిన్ ఉన్నంత మాత్రాన రోబోటిసిస్టు తీసుకెళ్లకూడదు. ఆ ప్లేయర్‌ని మెడికల్ వాళ్లు బతికించగలిగితే అది వాళ్ల హక్కు. డిఫిబ్రిలేటర్ విఫలమయ్యాక, వాళ్లు వదిలేశామన్నాక తీసుకోవాలి. కొన్ని సర్వర్లలో ఇది నిబంధనే, కొన్నిచోట్ల మర్యాద. ఏదైనా పాటించాలి.

ఘోస్ట్‌క్యూ

అది నేను కాదనట్లేదు. పనులు ఏ వరసలో చేయాలన్నదే నేను చెప్పింది. మెడికల్ ఒప్పుకున్నాకే.

లాసింక్

ఫ్రేమ్ సిద్ధమైంది, బ్రెయిన్ చురుగ్గా ఉంది అనుకుందాం. బ్రెయిన్ పెట్టే ముందు మల్టీటూల్‌తో ఎండోస్కెలిటన్ మీద ఒకసారి క్లిక్ చేయమని అందరికీ నా విన్నపం. చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత గొడవ అవుతుంది.

ఒక కిటికీ తెరుచుకుంటుంది, బోర్గ్ మొదటి బూట్‌కి సంబంధించిన అమరికలు అందులో ఉంటాయి. పేరు. ఏ ఏఐకి (స్టేషన్‌ని చూసుకునే కృత్రిమ మేధ పాత్ర) కట్టాలి అన్నది. లాసింక్ (ఏఐ పాటించే లాస్, అంటే నియమాలు, బోర్గ్‌కీ అందే దారి) తెరిచా, మూసా. ఏఐ కనెక్షన్ పోర్ట్ తెరిచా, మూసా. కదలిక మోటార్లు తెరిచా, బిగించా. కవర్ తాళం వేసా, లేదా.

ఏఐ పేరు ఖాళీగా వదిలితే, బతికున్న ఏఐల్లో అందరికంటే తక్కువ బోర్గ్‌లున్నదానికి ఆట తనంతట తానే కడుతుంది. ఒకే ఏఐ ఉంటే దాని కిందికే వెళ్తుంది. ఆ ఏఐ లాస్ ఎవరైనా మార్చి ఉంటే, లాసింక్ తెరిచి ఉన్న మీ కొత్త బోర్గ్ కూడా లేచిన క్షణంలోనే ఆ లాస్ మోస్తుంది. ఏఐ మీద అనుమానం ఉన్న రౌండ్‌లో లాసింక్ మూసి, ఏఐ పోర్ట్ మూసి బోర్గ్‌ని లేపండి. కానీ దానికి కెప్టెన్ లేదా రీసెర్చ్ డైరెక్టర్ అనుమతి తీసుకోండి. ఏ ఏఐకీ కట్టని బోర్గ్ చెప్పకుండా తిరిగితే సెక్యూరిటీ కాల్చేస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

మోటార్లు బిగించి పెడితే బోర్గ్ లాక్‌డౌన్‌లో లేస్తుంది, కదలదు. బ్రెయిన్ పనిచేస్తోందా అని చూడటానికి ఇది మంచి దారి. కానీ తర్వాత తెరవడం మర్చిపోతే బోర్గ్ లేచింది, కదలట్లేదు అని మళ్లీ ఇక్కడే ప్రశ్న వస్తుంది.

కొత్తరెంచ్

లేచాక లాస్ మార్చాలంటే, తీగల దగ్గరికి వెళ్లాలా?

లాసింక్

అవును. ఐడీ గీసి కవర్ తాళం తీయాలి. క్రోబార్‌తో కవర్ తెరవాలి. ఖాళీ చేత్తో సెల్ తీయాలి. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో తీగలు బయటపడతాయి. సెల్ ఉండగా స్క్రూడ్రైవర్ తీగల దాకా వెళ్లదు, అందరూ ఇక్కడే ఆగుతారు.

లోపల ఏఐ తీగ, కెమెరా, లాసింక్, లాక్‌డౌన్, మోడల్ రీసెట్ తీగలుంటాయి. రంగులు ప్రతి రౌండ్‌కీ మారతాయి, కాబట్టి పోయిన రౌండ్ జ్ఞాపకం పనికిరాదు. కత్తిరించే ముందు మల్టీటూల్‌తో ఒక్కో తీగని పల్స్ చేసి ఏ దీపం మారిందో చూడండి. ఏఐ తీగ పల్స్ చేస్తే మాస్టర్ ఏఐ మారుతుంది, కత్తిరిస్తే సంబంధం తెగుతుంది. ఒక బోర్గ్‌లో కనుక్కున్న రంగులు ఇంకో బోర్గ్‌కి వర్తిస్తాయని అనుకోకండి, ప్రతిదాన్నీ విడిగా పల్స్ చేసి చూడండి.

మరమ్మతు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పైపై దెబ్బలకి వెల్డర్, ఒక్కోసారి 30 పాయింట్లు. కాలిన దెబ్బలకి కేబుల్, అదీ 30 పాయింట్లు, కానీ తీగలు బయటపడి ఉంటేనే కేబుల్ పని చేస్తుంది. కవర్ మూసి ఉన్న బోర్గ్ మీద కేబుల్ ఎంత క్లిక్ చేసినా లాభం లేదు.

దీపస్తంభం

ఈఎంపీ (ఎలక్ట్రానిక్స్‌ని దెబ్బతీసే విద్యుదయస్కాంత పల్స్) గురించి ఎవరైనా చెప్తారనుకున్నాను.

బోర్గ్‌లో పెట్టని ఎంఎంఐ గానీ పాజిట్రానిక్ గానీ బల్ల మీద ఉన్నప్పుడు ఈఎంపీ తగిలితే లోపలి బ్రెయిన్‌మాబ్‌కి వేరే దెబ్బ పడుతుంది. బలమైనది తగిలితే 20 నుంచి 30 పాయింట్లు, మధ్యరకం అయితే 10 నుంచి 20. గరిష్ఠం 30. ఆ స్థాయిలో లోపలున్న ప్లేయర్‌కి చూపు ఉండదు, వినికిడి ఉండదు, మాట పెగలదు. బయటి నుంచి చూస్తే జవాబు చెప్పట్లేదు కాబట్టి కనెక్షన్ తెగిందనుకుని పారేస్తారు. పారేయకండి. సమయం గడిచేకొద్దీ ఆ దెబ్బ దానంతటదే తగ్గుతుంది. ఎగ్జామిన్‌లో చురుగ్గా ఉందని చూపిస్తే ప్లేయర్ అక్కడే ఉన్నాడు, మాట్లాడలేకపోతున్నాడు. అతనికి మీ మాట వినబడకపోయినా వేచి చూడటం మీ పని. మనిషి లోపల చీకట్లో కూర్చుని ఉంటాడన్నది మరిచిపోకూడదు.

పద్నాలుగుకక్ష్య

స్పేస్ స్టేషన్ 14లో ఇదే పని కొంచెం వేరు. అది సీ షార్ప్‌లో రాసిన రోబస్ట్ టూల్‌బాక్స్ ఇంజిన్ మీద నడుస్తుంది, 13 మాత్రం 2003 నుంచి బయాండ్ అనే ఇంజిన్ మీదే ఉంది. అందుకే కోడ్ ఒకదానికొకటి వర్తించదు, అలవాట్లు మాత్రమే వర్తిస్తాయి.

14లో అవయవాలన్నీ ఎండోస్కెలిటన్‌కి తగిలించాక, కేబుల్, రెండు ఫ్లాష్‌లు ఫ్రేమ్‌కే ఇస్తారు, తర్వాత స్క్రూడ్రైవర్‌తో బిగిస్తారు. మొండెంలో సెల్, తలలో ఫ్లాష్ అని ముందుగా వెతుక్కునే 13 ఆటగాళ్లు అక్కడ తికమకపడతారు. బ్రెయిన్, సెల్ చివర్లో, పూర్తయిన చాసిస్‌లోకి వెళ్తాయి. తాళం తీసి, ప్యానెల్ తెరిచి ఉండాలి.

మానిటాల్‌బీకర్

ప్లేయర్ అవసరమే లేని దారి ఒకటుంది, బోరిస్ మాడ్యూల్. ఎంఎంఐ స్థానంలో దాన్ని పెడితే ఫ్రేమ్ ఏఐకి షెల్ అవుతుంది, ఏఐ అందులోకి దిగి నడుపుతుంది. ఘోస్ట్‌లు లేని రౌండ్‌లో, మెడికల్ అందరినీ బతికించేస్తున్న రౌండ్‌లో ఇదే సరైన పరికరం. కానీ ఏఐ లింక్ తెగితే షెల్ నిలబడ్డ చోటే నిలిచిపోతుంది. స్వతంత్రంగా పనిచేసే చెయ్యి కావాలంటే ఇది కాదు. బ్రెయిన్ అస్సలు అక్కర్లేని పనికి మెడిబాట్ చాలు: ఖాళీ మెడికల్ కిట్, రోబోట్ చెయ్యి, హెల్త్ అనలైజర్, ప్రాక్సిమిటీ సెన్సర్.

కొత్తరెంచ్

బ్రెయిన్ మీద 100 యూనిట్లు పోశాను, ఎంఎంఐ చురుగ్గా ఉందంటుంది. మల్టీటూల్‌తో అమరికలు చూశాను, ఏఐకి కట్టాను. ఫ్రేమ్‌లో పెట్టగానే లేచింది. ఇంకొక్క ప్రశ్న. ఈ బోర్గ్‌ని తర్వాత విప్పి బ్రెయిన్ తిరిగి ఇవ్వాలంటే?

ఫ్రేమ్‌సేవకుడు

కవర్ తెరిచి, సెల్ తీసి, రెంచ్ వాడాలి. కానీ ముందు లాక్‌డౌన్ చేయాలి, రోబోటిక్స్ కన్సోల్ నుంచైనా, తీగతోనైనా. లాక్‌డౌన్ లేకుండా రెంచ్ పెడితే బోల్టులు నిప్పులు కక్కుతాయి, ముందు లాక్ చేయమని చెప్తుంది. విప్పడం పూర్తయ్యాక ఎంఎంఐ నేల మీద పడుతుంది, అవయవాలు పక్కన చెల్లాచెదురవుతాయి. విప్పేది ఎందుకో లోపలున్న ప్లేయర్‌కి ముందే చెప్పండి. లాక్‌డౌన్ పడగానే అతను తన మీద దాడి అనుకుంటాడు, రేడియోలో ఏఐని పిలుస్తాడు.